గుంటూరు మిర్చి కంటైనర్: చెన్నై నుంచా, విశాఖ నుంచా? ఓడలోనా, విమానంలోనా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో తొడిమ తీసిన తేజ ఎండుమిర్చి 14 టన్నులు ఉంది. మలేషియాలో పోర్ట్ క్లాంగ్ బయ్యర్‌కు నెలన్నరలోపు చేరాలి. విశాఖ నుంచి పంపాలా, చెన్నై నుంచా? గన్నవరం నుంచి విమానంలో పంపితే త్వరగా పోదా? దుబాయ్‌లో ఇంకో బయ్యర్ 2 టన్నులు అడుగుతున్నాడు, దాన్ని వేరేవాళ్ల సరుకుతో కలిపి ఎల్‌సీఎల్‌లో పంపొచ్చా?

ముందు సూటిగా జవాబు. మలేషియా సరుకును చెన్నై నుంచి, 40 అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువున్న) కంటైనర్‌లో, మధ్యలో ఓడ మారని సర్వీసులో పంపండి. విమానం నమూనాలకు మాత్రమే. దుబాయ్ 2 టన్నులు ఎల్‌సీఎల్‌లో వెళ్తాయి, కానీ బస్తాను ప్రెస్ చేయకపోతే 2 టన్నులకు బదులు దాదాపు 10 టన్నుల కిరాయి కడతారు. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను.

చాలామంది మ్యాప్ ముందు పెట్టుకుని ఏ పోర్టు దగ్గరో చూసి మొదలుపెడతారు. అక్కడే లెక్క తప్పుతుంది. గుంటూరు నుంచి చెన్నైకి, విశాఖకు దూరంలో పెద్ద తేడా లేదు, రెండూ 400 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ట్రెయిలర్ కిరాయిలో వచ్చే తేడా సముద్రం మీద పోయే రోజుల ముందు లెక్కలోకి రాదు. ముందు చూడాల్సింది ఓడను. మీ బయ్యర్ పోర్టుకు నేరుగా వెళ్లే ఓడ ఎక్కడి నుంచి, వారానికి ఎన్నిసార్లు బయల్దేరుతుందో తెలిస్తే పోర్టు దానంతట అదే తేలుతుంది. చెన్నై నుంచి పోర్ట్ క్లాంగ్‌కు నేరుగా వెళ్లే ఓడ సుమారు 5 నుంచి 8 రోజుల్లో చేరుతుంది. అదే సరుకు కొలంబోలోనో సింగపూర్‌లోనో దిగి ఇంకో ఓడ ఎక్కాలంటే, కాగితం మీద 12 రోజులని రాసినా, రెండో ఓడలో చోటు లేకపోతే ఇంకో వారం అక్కడే పడుంటుంది. దీన్నే రోల్ ఓవర్ అంటారు. మొదటి ఓడ మీద మీ ఫార్వార్డర్‌కు, అంటే ఓడలో చోటు బుక్ చేసే ఏజెంటుకు, ఎంతోకొంత పట్టు ఉంటుంది, రెండో ఓడ మీద ఎవరికీ ఉండదు.

విశాఖను తీసిపారేయమని కాదు. విశాఖ టెర్మినల్‌కు లోతు బాగుంది, పెద్ద ఓడలు వస్తాయి, రద్దీ కూడా చెన్నైతో పోలిస్తే తక్కువ. మీరు బుక్ చేసే వారంలో విశాఖ నుంచి మలేషియాకు నేరు సర్వీసు దొరికి, ఖాళీ 40 అడుగుల డబ్బాలు అక్కడ అందుబాటులో ఉంటే నిశ్చింతగా వెళ్లండి. కానీ రెండో విషయాన్ని ఎవరూ అడగరు. ఓడలో చోటు దొరికితే సరిపోదు, ఆ లైన్ (ఓడ కంపెనీ) ఖాళీ కంటైనర్ ఏ డిపోలో ఉందో అడగాలి. ఖాళీ డబ్బా చెన్నై డిపోలో ఉండి ఓడ విశాఖలో ఉంటే, చెన్నై నుంచి గుంటూరు, గుంటూరు నుంచి విశాఖ, అంటే 800 కిలోమీటర్ల కిరాయి మీ నెత్తిన పడుతుంది. అందుకే రెండు పోర్టులకూ కోట్ తెప్పించుకునేటప్పుడు ఖాళీ తెచ్చే ఖర్చు కలిపి ఇమ్మనండి.

కృష్ణపట్నం ఈ రెండింటికన్నా దగ్గర. ఒకప్పుడు గుంటూరు జిల్లా మిర్చి, పొగాకు కంటైనర్లు అక్కడి నుంచి వెళ్లేవి. 2024 మొదట్లో అక్కడ కంటైనర్ ఓడలు ఆగిపోయాయి కాబట్టి పాత ఎగుమతిదారులు చెప్పే ఆ లెక్కలు ఇప్పుడు పట్టుకోవద్దు. కాకినాడ ప్రధానంగా బియ్యం, బల్క్ సరుకుల పోర్టు, మీ పనికి రాదు. మచిలీపట్నం పోర్టులో కంటైనర్ సర్వీసులు వారం వారం నడవడం మొదలైతే మన ప్రాంతంవాళ్లు ఈ లెక్కంతా కొత్తగా వేసుకోవాలి.

చెన్నై గురించి ఒక్క మాట. బుకింగ్ కాగితం మీద 'చెన్నై' అని ఉన్నంత మాత్రాన ఓడ చెన్నై హార్బర్‌కే వస్తుందని అనుకోవద్దు. చెన్నై పోర్టు, ఎన్నూరులోని కామరాజర్ పోర్టు, కాట్టుపల్లి మూడింట్లోనూ కంటైనర్ టెర్మినళ్లు ఉన్నాయి. గుంటూరు నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లే ట్రెయిలర్‌కు ఎన్నూరు, కాట్టుపల్లి ఊరికి ఉత్తరానే తగులుతాయి, నగరంలోకి దిగాల్సిన పని లేదు. గేటు దగ్గర క్యూ పెరిగే రోజుల్లో ఈ తేడా విలువ పూర్తిగా ఒక పూట. బుక్ చేసేటప్పుడే టెర్మినల్ పేరు రాయించుకోండి, డ్రైవర్‌కు కూడా అదే చెప్పండి.

ఇక బస్తా లెక్క. ఎండుమిర్చి తేలిక సరుకు, కంటైనర్ బరువుతో నిండదు, చోటుతో నిండుతుంది. అందుకే టన్నుల్లో ఆలోచించడం ఆపి ఘనపు మీటర్లలో ఆలోచించండి. ఒక టేపు తీసుకుని మీ 25 కిలోల బస్తాను కొలవండి. నింపి, కుట్టి, ఇంకో మూడు బస్తాల కింద ఓ గంట ఉంచిన తర్వాత కొలవాలి, ఊరికే నిలబెట్టి కాదు. 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 22 ఎత్తు వచ్చిందనుకోండి. అంటే 0.12 ఘనపు మీటరు. 40 అడుగుల హైక్యూబ్ లోపలి చోటు సుమారు 76 ఘనపు మీటర్లు. సందులకూ తలుపు దగ్గర వదిలే జాగాకూ పదో వంతు తీసేస్తే 68. దాన్ని 0.12తో భాగిస్తే 566 బస్తాలు, అంటే 14 టన్నుల పైచిలుకు. మీ సరుకు సరిగ్గా సరిపోతుంది. 40 అడుగుల డబ్బా అని పైన చెప్పింది అందుకే. 20 అడుగుల డబ్బాలో 33 ఘనపు మీటర్లే ఉంటాయి, మామూలు బస్తాలతో 6 టన్నుల దగ్గరే ఆగిపోతుంది.

అదే బస్తాను హైడ్రాలిక్ ప్రెస్‌లో నొక్కి 22 సెంటీమీటర్ల ఎత్తును 12కు దించితే, ఒక్కోటి 0.065 ఘనపు మీటరు. 40 అడుగుల డబ్బాలో వెయ్యికి పైగా బస్తాలు పడతాయి, 25 టన్నులు దాటుతుంది. తలుపు నుంచి తలుపు దాకా మొత్తం ఖర్చు, లెక్క కోసమే, 2,10,000 రూపాయలనుకోండి. 14 టన్నుల మీద కిలోకు 15 రూపాయలు, 25 టన్నుల మీద 8 రూపాయల 40 పైసలు. కిలో మీద ఆరున్నర రూపాయలు ఎక్కడ బేరమాడినా మీకు దొరకవు, ప్రెస్ దగ్గర దొరుకుతాయి. బయ్యర్ 25 టన్నులు తీసుకోలేనంటే ప్రెస్ చేసిన సరుకు 11 టన్నులను 20 అడుగుల డబ్బాలో పంపే దారి కూడా ఉంది. 40 అడుగులదానికి ఓడ కిరాయి 20 అడుగులదానికి రెట్టింపు ఉండదు, కాబట్టి రెండు కోట్‌లూ పక్కపక్కన పెట్టి కిలోకు ఎంతో చూడండి.

ప్రెస్‌కు రెండు షరతులున్నాయి. కాయలో తేమ 10, 11 శాతం మధ్య ఉండాలి. అంతకన్నా ఎండిపోతే కాయ పగిలి గింజ రాలుతుంది, బస్తా అడుగున గింజ పేరుకుంటుంది. తేమ ఎక్కువుంటే నొక్కిన బస్తా మధ్యలో వేడి పుట్టి బూజు పడుతుంది. పొడి కొట్టుకునే బయ్యర్‌కు ప్రెస్ సరుకుతో ఇబ్బంది లేదు. కాయ రూపం చూసి కొనే బయ్యర్, ముఖ్యంగా ప్యాకెట్లు కట్టి అమ్మేవాడు ఒప్పుకోడు. ఆర్డర్ కాగితంలోనే ప్రెస్ చేసిందా కాదా రాయించండి. ఇంకోటి, కంటైనర్ తలుపు మీద ప్లేటు 26 టన్నులకు ఒప్పుకున్నా ట్రెయిలర్ పర్మిట్, అక్కడి దేశపు రోడ్డు కూడా ఒప్పుకోవాలి. అమెరికాలో మామూలు ట్రెయిలర్ మీద సరుకు 20 టన్నుల దగ్గరే ఆపాలి, అంతకు మించితే ప్రత్యేక ఛాసిస్ కోసం డబ్బు అడుగుతారు.

కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకును నేరుగా కంటైనర్‌లో ఎక్కించొద్దు. గుంటూరు నుంచి వెళ్లే సరుకుకు జరిగే నష్టాల్లో ఆపుకోగలిగింది ఇదే, ఆపకుండా వదిలేసేదీ ఇదే. లోపల పది డిగ్రీల లోపున్న బస్తా ఏప్రిల్ ఎండలో బయటికి వస్తే, చల్లటి మజ్జిగ గ్లాసుకు పట్టినట్టు, కాయ మీద నీటి చెమ్మ పడుతుంది. పైకి కనిపించదు, చేయి బస్తాలోకి దూర్చితే తెలుస్తుంది. ఆ చెమ్మతోనే తలుపు మూసి సీల్ వేస్తే, అది లోపలే తిరుగుతూ పగలు ఆవిరై రాత్రి కంటైనర్ పైకప్పుకు పట్టి, చినుకులుగా పై వరుస మీద పడుతుంది. పోర్ట్ క్లాంగ్‌లో తలుపు తీసేసరికి పై రెండు వరుసలు నల్లబడి ఉంటాయి, బయ్యర్ మొత్తం లోడుకు ధర తగ్గించమంటాడు.

చేయాల్సింది ఇది. సరుకును ఎక్కించడానికి రెండు రోజుల ముందు బయటికి తీసి, నీడలో, చెక్కల మీద, వరుసల మధ్య గాలి ఆడేలా పేర్చండి. 24 గంటలు తప్పనిసరి, 48 అయితే మంచిది. మందపాటి సూది ఉన్న థర్మామీటర్‌తో బస్తా నడిమధ్య ఉష్ణోగ్రత చూసి, షెడ్డు గాలితో 3, 4 డిగ్రీల తేడాకు వచ్చాకే హమాలీలను పిలవండి. ప్రెస్ చేసిన బస్తా మధ్యకు వేడి చేరడానికి ఇంకా ఎక్కువ టైం పడుతుంది, దానికి రెండు రోజులూ కావాలి. కృష్ణా తీరంలో తెల్లవారుజామున గాలిలో తేమ ఎక్కువ, లోడింగ్ ఉదయం తొమ్మిది దాటాక పెట్టుకోండి. వాన పడుతుంటే ఆపేయండి, ఆ రోజు ట్రెయిలర్ హాల్టింగ్ కట్టడమే నయం.

డబ్బా వచ్చిన వెంటనే లోపలికి ఒక మనిషిని పంపి తలుపులు మూయండి. చీకట్లో ఎక్కడైనా వెలుగు చుక్క కనిపిస్తే అది చిల్లు, ఆ డబ్బా వెనక్కి పంపాలి. ఆ మనిషి బయటికి రాగానే వాసన అడగండి. రసాయనం, తోలు, చేప, డీజిల్, ఏ వాసన ఉన్నా వద్దు, మిర్చి వాసనను పట్టేసుకుంటుంది. నేల చెక్క తడిగా ఉన్నా వద్దు. తర్వాత గోడలకూ నేలకూ క్రాఫ్ట్ పేపర్ లేదా అట్ట పరిచి, తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ సంచులు గోడల గాడుల్లో వేలాడదీయండి. పై వరుస మీద కూడా క్రాఫ్ట్ పేపరే పరవండి. ప్లాస్టిక్ షీట్ కప్పితే పైనుంచి చినుకు ఆగుతుంది కానీ కిందనుంచి వచ్చే ఆవిరి దాని అడుగునే పట్టుకుని సరుకును తడుపుతుంది.

రోజులను వెనక నుంచి లెక్కేయాలి. ఓడ శనివారం బయల్దేరుతుందనుకుందాం. టెర్మినల్ గేట్ కటాఫ్ (డబ్బా లోపలికి పంపే గడువు) గురువారం, కాగితాల కటాఫ్ అంతకన్నా ముందే, బుధవారం కావొచ్చు. మూడు కటాఫ్‌లుంటాయి. గేటుకు ఒకటి, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకుకు ఓడ కంపెనీ ఇచ్చే రసీదు) వివరాలకు ఒకటి, వీజీఎం అనే బరువు ధ్రువపత్రానికి ఒకటి. ఏది తప్పినా డబ్బా పోర్టులో ఉండి ఓడ వెళ్లిపోతుంది. 400 కిలోమీటర్లకు డ్రైవర్ పన్నెండు గంటలన్నా మీరు ఒక పగలూ ఒక రాత్రీ వేసుకోండి, గేటు క్యూకు ఇంకో పూట. అంటే మంగళవారం సాయంత్రానికి గుంటూరు దాటాలి. మంగళవారం లోడింగ్ అయితే ఆదివారం ఉదయం కోల్డ్ స్టోరేజీ నుంచి తీయాలి. ఖాళీ డబ్బా సోమవారం రాత్రికి రావాలి. పురుగు మందు పొగ వేయాలంటే ఇంకా వెనక్కి జరగాలి. మిథైల్ బ్రోమైడ్‌కు 24 గంటలు, ఆపై గాలి పోసే టైం. ఫాస్ఫిన్ బిళ్లలకు అయిదు రోజులైనా ఉండాలి. ఏ మందు ఒప్పుకుంటారో బయ్యర్ దేశాన్ని బట్టి ఉంటుంది, ముందే రాతపూర్వకంగా అడగండి. సరుకు కింద చెక్క ప్యాలెట్లు వాడితే వాటికి ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే చెక్క మధ్యలో 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించినట్టు, లేదా పొగ వేసినట్టు. ముద్ర లేని ఒక్క ప్యాలెట్ మొత్తం కంటైనర్‌ను ఆపేస్తుంది. మిర్చికి బస్తాలు నేల మీదే పేర్చడం మేలు, చోటూ మిగులుతుంది.

వీజీఎం 2016 జులై 1 నుంచి ప్రపంచమంతా తప్పనిసరి. దీన్ని బస్తాలు లెక్కపెట్టి 25తో గుణించి రాసేయకండి. ఖాళీ సంచి బరువు, అట్టలు, తేమ సంచులు, డబ్బా సొంత బరువు అన్నీ కలవాలి. లోడు అయ్యాక వేబ్రిడ్జి మీద తూకం వేయించి, ట్రెయిలర్ ఖాళీ బరువు తీసేస్తే వచ్చేదే నమ్మకమైన అంకె. దారిలో మొదటి వేబ్రిడ్జి దగ్గరే ఈ పని చేసి స్లిప్ ఫొటో సీహెచ్‌ఏకి, అంటే మీ కస్టమ్స్ పనులు చూసే ఏజెంటుకు, పంపమని డ్రైవర్‌కు చెప్పండి.

కాలాన్ని కూడా చూసుకోవాలి. యార్డుకు కొత్త కాయ ఫిబ్రవరి నుంచి జోరుగా వస్తుంది, చైనీస్ కొత్త సంవత్సరం జనవరి చివర గానీ ఫిబ్రవరిలో గానీ పడుతుంది. ఆ రెండు మూడు వారాల్లో తూర్పు వైపు లైన్లు కొన్ని ఓడలను రద్దు చేస్తాయి, ఉన్నవాటిలో చోటు బిగుస్తుంది. ఆ రోజుల్లో బుకింగ్ మూడు వారాల ముందే పెట్టండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను చెన్నైను ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే పోర్టూ, రోడ్డూ, మన గోదాములూ ఒకే వారంలో దెబ్బతిన్నాయి. ఆ నెలల్లో బయ్యర్‌కు ఇచ్చే తేదీలో పది రోజులు అదనంగా కలుపుకోండి.

విమానం సంగతి. గన్నవరం నుంచి టన్నుల కొద్దీ ఎగుమతి సరుకు ఎక్కించే పెద్ద విమానాలు మీకు దొరకవు, శంషాబాద్ గానీ చెన్నై గానీ చూడాలి. విమానంలో కిరాయి అసలు బరువు మీద గానీ, చోటు బరువు మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద. చోటు బరువంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగించడం. పైన కొలిచిన బస్తాకు 90 × 60 × 22 ÷ 6,000, అంటే 19.8 కిలోలు. అసలు బరువు 25 కాబట్టి 25కే కడతారు. కొరియర్ కంపెనీలు 5,000తో భాగిస్తాయి, అప్పుడు 23.8, అయినా 25 కిందే. కాబట్టి విమానానికి ప్రెస్ చేయించినా మీకు పైసా మిగలదు. అసలు విషయం, విమానం కిరాయి కిలోకు వంద రూపాయలనుకున్నా, కిలో 150, 200 రూపాయల కాయ మీద అది మోయలేని బరువు. నమూనా బస్తాలకు, తప్పిపోయిన పత్రాల వెంట పంపే కొద్ది సరుకుకు, కిలో వేలల్లో పలికే ఓలియోరెసిన్ (మిర్చి నుంచి తీసే సారం) లాంటివాటికి విమానం సరిపోతుంది. కాయకు కాదు.

దుబాయ్ 2 టన్నుల దగ్గరికి వద్దాం. ఎల్‌సీఎల్‌లో కిరాయి టన్నుకా, ఘనపు మీటరుకా, ఏది ఎక్కువైతే దానికే. 2 టన్నులంటే 80 బస్తాలు, ఒక్కోటి 0.12, మొత్తం 9.6 ఘనపు మీటర్లు. అంటే 2 టన్నుల సరుకుకు 9.6 యూనిట్ల కిరాయి. ప్రెస్ చేస్తే 5.2కి దిగుతుంది, కిరాయి దాదాపు సగం. మామూలుగా 13, 15 ఘనపు మీటర్లు దాటితే ఎల్‌సీఎల్ వదిలేసి సొంతంగా 20 అడుగుల డబ్బా తీసుకోవడమే చవక, మీ 9.6 ఆ గీతకు దగ్గర్లోనే ఉంది. బయ్యర్‌ను 5, 6 టన్నులకు ఒప్పించగలిగితే సొంత డబ్బాకు వెళ్లండి. కలిపి పంపే డబ్బాలో మీ పక్కన సబ్బు ఉంటుందో, రసాయనం ఉంటుందో మీకు తెలియదు. మిర్చి ఘాటు పక్క సరుకుకు పట్టుతుందని కన్సాలిడేటర్లు (అందరి సరుకూ ఒకే డబ్బాలో కలిపేవాళ్లు) కూడా వెనకాడతారు. ఒప్పుకుంటే లోపల లైనర్ సంచి, పైన నేసిన పీపీ సంచి, ఆపై అట్టపెట్టె, ఇలా మూడు పొరలు వేయండి.

ఎల్‌సీఎల్‌లో ఓడ కిరాయి మరీ తక్కువగా, ఒక్కోసారి సున్నాగా చెబితే సంతోషపడకండి. ఆ డబ్బు దిగే పోర్టులో ఛార్జీల రూపంలో బయ్యర్ దగ్గర లాగుతారు. బయ్యర్ ఆ బిల్లు చూసి మీతో తగువు పెట్టుకుంటాడు, రెండో ఆర్డర్ రాదు. అక్కడి ఛార్జీల జాబితా కూడా ముందే తెప్పించి బయ్యర్‌కు చూపించండి.

దుబాయ్‌కు పోర్టు ఎంపిక మలేషియాలా ఉండదు. చెన్నై నుంచి జెబెల్ అలీకి ఓడ శ్రీలంక చుట్టూ తిరిగి పోవాలి, సుమారు 10 నుంచి 14 రోజులు. ముంబై దగ్గరి నవా షేవా నుంచి అయితే 3 నుంచి 5 రోజులే, సర్వీసులూ ఎక్కువ. గుంటూరు నుంచి అక్కడికి రోడ్డు మీద 900 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి లారీ కిరాయి ఆ లాభం మింగేస్తుంది. మధ్యే మార్గం హైదరాబాద్ సనత్‌నగర్ ఐసీడీ, అంటే పోర్టుకు దూరంగా ఉండే కంటైనర్ డిపో. అక్కడిదాకా లారీ, అక్కడే కస్టమ్స్, ఆపై రైలు మీద నవా షేవా. రైలు రేక్ కోసం ఆగే రోజులు కలిపితే మొత్తం టైం చెన్నైతో సమానంగా రావొచ్చు, కాబట్టి తొందర లేనప్పుడు రెండింటి కిలో ఖర్చు చూసి తేల్చుకోండి. జెబెల్ అలీ హోర్ముజ్ జలసంధి లోపల ఉంది. ఆ వైపు ఉద్రిక్తత పెరిగితే లైన్లు యుద్ధ సర్‌ఛార్జీ వేస్తాయి, లేదా బయటున్న ఖోర్ ఫక్కాన్‌లో డబ్బా దింపేసి రోడ్డు మీద తెచ్చుకోమంటాయి. ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఉండాలి.

దారి ఎంపికకూ సుంకానికీ లింకు ఉంది. మలేషియాకు ఆసియాన్ ఒప్పందం కింద ఫారం ఏఐ, దుబాయ్‌కు 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న యూఏఈ ఒప్పందం కింద మూల ధ్రువపత్రం (సరుకు భారతదేశానిదేనని చెప్పే కాగితం) తీస్తే బయ్యర్‌కు సుంకంలో రాయితీ అడిగే హక్కు వస్తుంది. కానీ సరుకు భారతదేశం నుంచి నేరుగా వెళ్లినట్టు రుజువు కావాలి. మధ్యలో ఓడ మారితే, మొదటి నుంచి చివరిదాకా ఒకే బిల్ ఆఫ్ లేడింగ్ ఉండాలి. కొలంబోలో ఇంకో బిల్లుతో మార్చిన సరుకుకు బయ్యర్ దేశపు కస్టమ్స్ రాయితీ ఇవ్వదు. నేరు ఓడ అని పదేపదే అనడానికి ఇది రెండో కారణం.

రేపు యూరప్, అమెరికా ఆర్డర్లు వస్తే ఒకటి గుర్తుంచుకోండి. 2023 చివర నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల చాలా లైన్లు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ, గుడ్ హోప్ అగ్రం మీదుగా తిప్పాయి, ప్రయాణం 10 నుంచి 14 రోజులు పెరిగింది. బుక్ చేసే ప్రతిసారీ 'ఈ ఓడ సూయజ్ నుంచా, ఆఫ్రికా చుట్టూనా?' అని అడిగి రాతలో తీసుకోండి. ఎక్కువ రోజులంటే ఎక్కువ చెమ్మ, తేమ సంచులు పెంచాలి. యూరప్‌లో మిర్చికి అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 దాటకూడదు. ల్యాబ్ రిపోర్టు చేతికి వచ్చాకే ఓడ తేదీ ఖాయం చేయండి, తేదీ పెట్టుకుని రిపోర్టు కోసం పరిగెత్తొద్దు. అమెరికాకైతే ఐఎస్‌ఎఫ్ అనే ముందస్తు దిగుమతి వివరాలు డబ్బా ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే అక్కడి బయ్యర్ దాఖలు చేయాలి, ఆ వివరాలు మీరు ఇంకా ముందు అందించాలి.

బంగ్లాదేశ్ అడిగేవాళ్లకు ఓడ ఆలోచనే అక్కర్లేదు. 2020 జులైలో గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు 16 పార్సిల్ వ్యాన్ల రైలులో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది. అప్పుడు రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలైతే రైలులో 4,608 పడిందని రైల్వే చెప్పింది. ఇద్దరు ముగ్గురు ఎగుమతిదారులు కలిసి అంత సరుకు ఒకేసారి పోగేయగలిగినప్పుడు ఇది పనికొస్తుంది.

ధర ఏ పద్ధతిలో చెప్పాలన్నది దారి ఎంపిక కన్నా ముందే తేల్చుకోవాలి. ఎఫ్‌వోబీ (ఓడ ఎక్కించేదాకా ఖర్చు మీది, ఓడ కిరాయి బయ్యర్‌ది) అని రాస్తే ఓడను బయ్యర్ ఎంచుకుంటాడు, మీరు పైన వేసిన లెక్కలన్నీ వృథా. పైగా సరుకు టెర్మినల్ గేటు లోపలికి పోయినా, ఓడ మీదికి ఎక్కేదాకా రిస్క్ మీదే. బయ్యర్ తన లైనే కావాలంటే ఎఫ్‌సీఏ చెన్నై అనండి, అప్పజెప్పిన చోట మీ బాధ్యత తీరుతుంది. మొదటి కంటైనర్‌కు సీఎఫ్ఆర్ (ధరలో ఓడ కిరాయి కలిసేది) గానీ సీఐఎఫ్ (కిరాయితో పాటు బీమా కూడా కలిసేది) గానీ తీసుకుని ఓడను మీ చేతిలో ఉంచుకోవడం మేలు. సీఐఎఫ్‌లో నిబంధన ప్రకారం కట్టాల్సిన కనీస బీమా క్లాజ్ సీ మాత్రమే, అది ఓడ మునగడం, కాలిపోవడం లాంటి పెద్ద ప్రమాదాలకే. మిర్చికి దాదాపు అన్ని రకాల నష్టాలకూ వర్తించే క్లాజ్ ఏ, ఇన్‌వాయిస్ విలువలో 110 శాతానికి, గుంటూరు గోదాము నుంచి బయ్యర్ గోదాము దాకా తీసుకోండి. ఎక్కువ తేమతో మూసిన సరుకు దానంతటది పాడైతే క్లాజ్ ఏ కూడా ఇవ్వదు. అందుకే లోడింగ్ రోజు తేమ మీటర్ రీడింగులు, థర్మామీటర్ ఫొటోలు, సీల్ నంబర్ కనిపించే తలుపు ఫొటో తేదీతో దాచండి.

చివరగా మలేషియా దారికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఓడ వారంలో చేరిపోతుంది, కానీ బ్యాంకు ద్వారా పంపే కాగితాలకు పది, పన్నెండు రోజులు పడతాయి. సరుకు ముందు, కాగితాలు వెనక. ఈ మధ్యలో రోజులు గడిచే కొద్దీ డెమరేజ్ (డబ్బా పోర్టులో పడున్నందుకు కట్టేది), డిటెన్షన్ (ఖాళీ డబ్బా ఆలస్యంగా తిప్పి ఇచ్చినందుకు కట్టేది) పెరుగుతాయి. బుకింగ్ అప్పుడే పోర్ట్ క్లాంగ్‌లో 14 ఉచిత రోజులు అడిగి రాయించుకోండి, చాలా లైన్లు అడిగితే ఇస్తాయి, అడగకపోతే మామూలు నాలుగైదు రోజులే. బయ్యర్ పూర్తి డబ్బు వేశాక టెలెక్స్ రిలీజ్ చేస్తే, అంటే అసలు బిల్లు చూపించకపోయినా సరుకు ఇచ్చేయమని లైన్‌కు చెబితే, అసలు బిల్లు పంపే పనే ఉండదు. డబ్బు రాకముందు మాత్రం ఎవరెంత నమ్మకంగా అడిగినా టెలెక్స్ రిలీజ్ ఇవ్వొద్దు. బిల్లులో పోర్ట్ క్లాంగ్ వెస్ట్‌పోర్టా, నార్త్‌పోర్టా కూడా బయ్యర్‌ను అడిగి రాయించండి. అతని గోదాము పెనాంగ్ వైపు ఉందని తెలిస్తే పోర్ట్ క్లాంగ్ వదిలేసి పెనాంగ్‌కే బుక్ చేయడం మంచిది.